పేరు తెలియని కుర్రాళ్ల మీద ఇంత ఆశ ఎందుకు?

ఆగస్టులో శాంటా క్లారాలోని లీవైస్ స్టేడియంలో అమెరికన్ ఫుట్‌బాల్ ప్రీ సీజన్ మ్యాచ్‌కి, అంటే అసలు సీజన్‌కి ముందు ఆడే మ్యాచ్‌కి వెళ్తే, నాలుగు క్వార్టర్ల ఆటలో మూడోది అయ్యేసరికి జనం కుర్చీలు ఖాళీ చేసి పార్కింగ్ వైపు కదులుతుంటారు. పేరున్న ఆటగాళ్లు ఎప్పుడో హెల్మెట్లు తీసేసి, టోపీలు పెట్టుకుని, గీత అవతల కబుర్లు చెప్పుకుంటుంటారు. మైదానంలో మిగిలేది కామెంటేటర్లు సైతం కాగితం చూసి పేర్లు చదవాల్సిన కుర్రాళ్లే. శిబిరంలో 90 మంది ఉంటారు, జెర్సీ నంబర్లు చాలవు. అందుకని ఒకే జట్టులో ఇద్దరికి ఒకే నంబర్ ఇస్తారు. ఒకరు ఎటాక్ వైపు, ఇంకొకరు డిఫెన్స్ వైపు. అంటే ఆ కుర్రాడికి వీపు మీద నంబర్ కూడా పూర్తిగా సొంతం కాదు. నాకు ఆ ఆఖరి 15 నిమిషాల ఆటంటేనే ప్రాణం.

పక్కన కూర్చునే మా మిత్రుడు ఏటా ఒకే మాట అంటాడు. "స్కోరుకి విలువ లేదు, ఆడేదెవరో తెలీదు, ఇంకా ఏం చూస్తావురా? పద, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాం." వాడికి పార్కింగ్ దాకా నడుస్తూ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ తీరిగ్గా చెప్తాను. బే ఏరియాలో వేల తెలుగు కుటుంబాల ఇళ్లకు కూతవేటు దూరంలో ఆడే జట్టు ఇది, శాన్‌ఫ్రాన్సిస్కో ఫోర్టీనైనర్స్. వారం వారం వీళ్ల మ్యాచ్ చూసే మనవాళ్లలో కూడా చాలామందికి ఈ కుర్రాళ్ల వెనకున్న లెక్క తెలియదు.

ఆ లెక్క డ్రాఫ్ట్ దగ్గర మొదలవుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో 32 జట్లు. కాలేజీ ఆట ముగించిన కుర్రాళ్లను ఏటా ఏప్రిల్ చివర్లో ఈ జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ఐపీఎల్ వేలంలా ఎక్కువ పాట పాడినవాడికే ఆటగాడు కాదు. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌ని తిరగేసి ఊహించుకోండి. ఇక్కడ సీటు ఎంచుకునే హక్కు కాలేజీది, పిల్లవాడిది కాదు. పైగా కిందటేడు అందరికన్నా ఘోరంగా ఓడిన జట్టుకే మొదటి వంతు. ఇలా ఏడు రౌండ్లు సాగుతుంది. 2022లో మొత్తం 262 పేర్లు చదివారు. ఆ తర్వాత మిగిలినవాళ్లను 'అన్‌డ్రాఫ్టెడ్' అంటారు, వాళ్లు ఏ జట్టు పిలిస్తే ఆ జట్టు శిబిరానికి వెళ్లొచ్చు.

అన్నిటికన్నా చివర చదివే పేరుకి ఒక బిరుదు ఉంది. మిస్టర్ ఇర్రెలెవెంట్, అంటే లెక్కలోకి రానివాడు. 1976లో పాల్ సలాటా అనే మాజీ ఆటగాడు కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో ఈ సంప్రదాయం మొదలుపెట్టాడు. ఆ చివరి కుర్రాణ్ణి పిలిచి వారం రోజులు పండగ చేసి, చేతిలోంచి బంతి జారిపోతున్న ఆటగాడి బొమ్మ ఒకటి ట్రోఫీగా ఇస్తారు. అభిమానంతో చేసే పనే. కానీ బిరుదు బిరుదే.

డ్రాఫ్ట్ మొత్తం ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. మన పెద్దలు చెప్పిన 'పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది' అన్న నమ్మకం. 22 ఏళ్లకే ఎవరు గొప్పవాడో ఎవరు కాదో తెలిసిపోతుందని. అందుకోసం ఇండియానాపోలిస్‌లో కుర్రాళ్లందరినీ చేర్చి 40 గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తారో, ఎంత ఎత్తు ఎగిరారో, అరచెయ్యి ఎంత పొడవుందో కొలుస్తారు. ఇంత కొలిచినా పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి. ఫోర్టీనైనర్స్ చరిత్రలో తియ్యటి పేజీలు అవతలివాళ్లు చేసిన ఆ పొరపాట్లవే, చేదు పేజీలు కొన్ని తాము చేసినవి.

1979 చూడండి. జట్టు అంతకు ముందు ఏడాది 16 మ్యాచ్‌లలో 2 గెలిచింది. కొత్త కోచ్ బిల్ వాల్ష్ మూడో రౌండ్‌లో 82వ పేరుగా ఒక క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాణ్ణి తీసుకున్నాడు. భుజబలం చాలదని మిగతావాళ్లు పక్కన పెట్టిన జో మోంటానా అతను. అదే డ్రాఫ్ట్‌లో పదో రౌండ్‌లో, 249వ పేరుగా డ్వైట్ క్లార్క్‌ని తీసుకున్నాడు. క్లార్క్ కథ ఇంకా చిత్రం. వాల్ష్ క్లెమ్సన్ యూనివర్సిటీకి వెళ్లింది స్టీవ్ ఫుల్లర్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని పరీక్షించడానికి. ఫుల్లర్ విసిరితే పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా, రూమ్మేట్ క్లార్క్ వచ్చాడు. వాల్ష్ కన్ను పట్టుకునేవాడి మీద పడింది. మూడేళ్లు తిరగకుండానే, 1982 జనవరి 10న జట్టు అప్పటి మైదానం క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో ఆట ఇంకా 51 సెకన్లు ఉందనగా, మోంటానా వెనక్కి పరిగెడుతూ విసిరిన బంతిని క్లార్క్ గాల్లోకి లేచి వేళ్ల కొసలతో అందుకున్నాడు. డాలస్ కౌబాయ్స్ మీద 28-27తో గెలిచారు. ఆ పట్టుని ఇక్కడ ఇప్పటికీ 'ది క్యాచ్' అనే పిలుస్తారు, ఏ క్యాచ్ అని ఎవరూ అడగరు.

ఇక చేదు పేజీ. 2000 సంవత్సరంలో ఇదే జట్టుకి క్వార్టర్‌బ్యాక్ అవసరం పడింది. పక్కనే శాన్ మాటియోలో పుట్టి, క్యాండిల్‌స్టిక్‌లో మోంటానా ఆట చూస్తూ పెరిగిన కుర్రాడు ఒకడు డ్రాఫ్ట్‌లో ఉన్నాడు. జట్టు అతన్ని కాదని 65వ పేరుగా జొవానీ కార్మాజీని తీసుకుంది. కార్మాజీ అసలు సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ శాన్ మాటియో కుర్రాణ్ణి ఆరో రౌండ్‌లో 199వ పేరుగా న్యూ ఇంగ్లండ్ తీసుకుంది. అతనే టామ్ బ్రేడీ, తర్వాత ఏడు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్ గెలిచాడు. పెరట్లో ఉన్న చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అనలేదు.

అయితే, దొరికితే మంచిదే అనుకునే ఈ వెతుకులాట ఇప్పుడు జట్లకు తప్పనిసరి అవసరమెలా అయింది? దానికి డబ్బు సంగతి కొంచెం చూడాలి.

ఎన్ఎఫ్ఎల్‌లో శాలరీ క్యాప్ ఉంది. ఆటగాళ్లందరి జీతాలకూ కలిపి ప్రతి జట్టుకీ ఒకటే పరిమితి, యజమాని ఎంత శ్రీమంతుడైనా దాటడానికి వీల్లేదు. 2023లో అది 22.48 కోట్ల డాలర్లు, 2025లో 27.92 కోట్లు. 2010 దాకా డ్రాఫ్ట్‌లో మొదట ఎంపికైనవాళ్లు ఒక్క మ్యాచ్ ఆడకముందే కొండంత డబ్బు తీసుకునేవారు. ఆ ఏడాది మొదటి పేరు శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు, అందులో 5 కోట్లు గ్యారంటీ. 2011లో ఆటగాళ్ల సంఘానికీ యజమానులకూ మధ్య కొత్త ఒప్పందం కుదిరి, కొత్తవాళ్ల జీతాలకు పట్టిక వచ్చింది. ఏ వరుసలో ఎంపికైతే అంత, నాలుగేళ్లు అదే. ఆ ఏడాది మొదటి పేరు క్యామ్ న్యూటన్‌కి దక్కింది 2.2 కోట్లే. ఇంకో షరతు కూడా ఉంది. ఎంత బాగా ఆడినా, డ్రాఫ్ట్‌లో ఎంపికైన కుర్రాడు మూడు సీజన్లు పూర్తయ్యే వరకు కాంట్రాక్టు తిరగరాయమని అడగలేడు.

దీని ఫలితం ఏమిటంటే, ఐదో రౌండ్‌లోనో ఏడో రౌండ్‌లోనో దొరికిన కుర్రాడు నిజంగా బాగా ఆడితే, ఆ జట్టుకి మూడు నాలుగేళ్లపాటు రత్నం రాయి ధరకి దొరికినట్టే. మిగిలిన డబ్బుతో నలుగురు స్టార్లను నిలబెట్టుకోవచ్చు. అభిమానులు ఆ కుర్రాళ్ల మీద పెట్టుకునే ఆశ వట్టి సెంటిమెంట్ కాదని నేను వాదించేది అందుకే. స్టార్ల జీతాలు పెరిగేకొద్దీ, పేరు తెలియని కుర్రాళ్లే జట్టు బరువు మోయాలి. వేరే దారి లేదు.

బ్రాక్ పర్డీ కథలో ఈ లెక్క, అదృష్టం, ఓపిక అన్నీ కలిసి వచ్చాయి, కాబట్టి కాసేపు అతని దగ్గర ఆగుదాం.

2021లో ఫోర్టీనైనర్స్ మూడు మొదటి రౌండ్ అవకాశాలు ధారపోసి, మూడో పేరుగా ట్రే ల్యాన్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకున్నారు. ఆ బేరం వల్ల 2022లో, 2023లో జట్టుకి మొదటి రౌండ్ వంతే లేదు. ఇక దొరికితే కింది రౌండ్లలోనే దొరకాలి. 2022లో 262వ పేరుగా, అంటే ఆ ఏటి లెక్కలోకి రానివాడిగా, అయోవా స్టేట్ యూనివర్సిటీ కుర్రాడు పర్డీని తీసుకున్నారు. అతని మీద స్కౌట్ల, అంటే జట్ల కోసం కుర్రాళ్లను వెతికేవాళ్ల ఫిర్యాదులు మామూలువే. ఎత్తు అంతంత మాత్రం, చేతి బలం అంతంత మాత్రం. నాలుగేళ్లు కాలేజీలో ఆడేశాడు కాబట్టి ఇక ఎదిగేది ఏముందన్నది ఇంకో మాట. ఆ నాలుగేళ్ల అనుభవమే అతని బలం అని అప్పటి క్వార్టర్‌బ్యాక్స్ కోచ్ బ్రయన్ గ్రీసీ లాంటి కొద్దిమందే గట్టిగా నమ్మారు.

ఆ ఆగస్టులో జరిగిన ఒక చిన్న నిర్ణయాన్ని చాలామంది మరిచిపోయారు గానీ, నా దృష్టిలో అసలు మలుపు అదే. మూడో క్వార్టర్‌బ్యాక్ స్థానానికి నేట్ సడ్‌ఫెల్డ్ అనే అనుభవజ్ఞుడు ఉన్నాడు. అతనికి 20 లక్షల డాలర్లు గ్యారంటీ, ఆడినా ఆడకపోయినా ఇవ్వాల్సిందే. అయినా జట్టు అతన్ని పంపేసి పర్డీని ఉంచుకుంది. చేతిలో డబ్బు పోతుందని తెలిసి కూడా, ఆ కుర్రాణ్ణి వదిలితే వేరే జట్టు ఎగరేసుకుపోతుందని భయపడింది. ఆశ అనేది చప్పట్లలో కాదు, ఇలాంటి చోట కనపడుతుంది.

సెప్టెంబరులో రెండో మ్యాచ్‌కే ల్యాన్స్ చీలమండ విరిగింది. డిసెంబరు 4న మయామీ డాల్ఫిన్స్‌తో మ్యాచ్‌లో అతని బదులు ఆడుతున్న జిమ్మీ గరోపోలో పాదం విరిగింది, అదీ తొలి డ్రైవ్‌లోనే, అంటే జట్టు చేతికి బంతి వచ్చిన మొదటిసారే. ఇక బెంచీ మీద మిగిలింది 262వ పేరు. 37 పాసులు విసిరి 25 అందించాడు, చివరి గీత దాటించే టచ్‌డౌన్లు రెండు, 33-17తో గెలిచారు. మర్నాటి వారం ఎదురుగా నిలబడిన క్వార్టర్‌బ్యాక్ ఎవరనుకున్నారు? టామ్ బ్రేడీ. 199వ పేరు వర్సెస్ 262వ పేరు. బ్రేడీ డ్రాఫ్ట్ అయిన నాటికి పర్డీ వయసు నాలుగు నెలలు. ఆ రోజు సగం ఆటకే 28-0, చివరికి 35-7తో పర్డీ జట్టే గెలిచింది. స్టాండ్స్‌లో పర్డీ వాళ్ల నాన్న కళ్లు తుడుచుకుంటూ కనపడ్డ దృశ్యం టీవీలో వచ్చింది. కొడుకు పేరు కోసం ఏడు రౌండ్లూ ఎదురుచూసిన తండ్రి. మా ఇంట్లో ఆట అర్థంకాని మా ఆవిడ కూడా ఆ దృశ్యం దగ్గర ఫోన్ పక్కన పెట్టేసింది.

కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. ఆ సీజన్లో పర్డీ మొదటి నుంచీ ఆడిన ఒక్క మ్యాచ్ కూడా జట్టు ఓడలేదు, ఫిలడెల్ఫియాలో జరిగిన కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా, అంటే సూపర్ బౌల్‌కి ముందు మెట్టు దాకా. అక్కడ తొలి డ్రైవ్‌లోనే అతని మోచేతి లిగమెంట్ తెగింది, 31-7తో ఓడిపోయారు. సర్జరీ తర్వాత తిరిగొచ్చి 2023లో పాసులతో 4,280 గజాలు సాధించాడు, అది జట్టు చరిత్రలో రికార్డు. అంతకు ముందు ఆ రికార్డు 4,278 గజాలతో జెఫ్ గార్సియాది. గార్సియా ఎవరు? ఇక్కడి శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలో చదివి, డ్రాఫ్ట్‌లో ఎవరికీ అక్కర్లేక, కెనడా వెళ్లి ఆడి తిరిగొచ్చినవాడు! ఆ సీజన్ చివర 2024 ఫిబ్రవరిలో లాస్ వేగస్‌లో జరిగిన సూపర్ బౌల్‌లో, ఓవర్‌టైమ్‌లో 25-22తో క్యాన్సస్ సిటీ చేతిలో ఓడారు. ఆ ఓటమి నాకింకా గుచ్చుతూనే ఉంటుంది.

ఇప్పుడు మళ్లీ డబ్బు లెక్కకొద్దాం. 2023లో పర్డీ జీతం 8.7 లక్షల డాలర్లు. అదే ఏడాది సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ జో బరో చేసుకున్న కాంట్రాక్టు ఏడాదికి సగటున 5.5 కోట్లు. ఒకటి జట్టు పరిమితిలో అర శాతం కూడా కాదు, ఇంకొకటి దాదాపు నాలుగో వంతుకు సమానం. ఆ తేడా వల్లే డిఫెన్స్ స్టార్ నిక్ బోసాకి ఐదేళ్లకు 17 కోట్లు ఇవ్వగలిగారు, డిఫెన్స్‌కే జావన్ హార్‌గ్రేవ్‌ని తెచ్చుకోగలిగారు. ల్యాన్స్‌ని మాత్రం 2023 ఆగస్టులో నాలుగో రౌండ్ వంతు ఒక్కటి తీసుకుని డాలస్‌కి పంపేశారు. మూడు మొదటి రౌండ్లు పోసి తెచ్చిన మొక్క వాడిపోయింది, గట్టున ఎవరూ నాటని విత్తనం చెట్టయింది. ల్యాన్స్‌ని తప్పుపట్టను. గాయం ఎవరి చేతుల్లోనూ ఉండదు.

పర్డీ ఒక్కడైతే లాటరీ తగిలిందనుకోవచ్చు. కానీ జార్జ్ కిటిల్ 2017లో 146వ పేరు, ఐదో రౌండ్. కాలేజీ మొత్తమ్మీద అతను పట్టినవి 48 బంతులే. అయోవా జట్టు అతన్ని ఎక్కువగా అవతలివాళ్లను నెట్టే పనికి వాడుకుంది, బంతి ఇవ్వలేదు. మిగతా జట్లు అతను పట్టిన బంతులు లెక్కపెట్టాయి, ఫోర్టీనైనర్స్ కోచ్ కైల్ షానహన్‌కి నెట్టడం కూడా తెలిసినవాడే కావాలి. రెండో ఏడాదికే కిటిల్ బంతులు పట్టి 1,377 గజాలు సాధించాడు, నెట్టడం, పట్టడం రెండూ చేసే టైట్ ఎండ్ స్థానంలో అప్పటికి అది లీగ్ రికార్డు. ఫ్రెడ్ వార్నర్ 70వ పేరు, డ్రే గ్రీన్‌లా 148, టలనోవా హుఫాంగా 180. హుఫాంగా రెండో ఏడాదికే లీగ్‌లోని మేటి సేఫ్టీల, అంటే డిఫెన్స్‌లో అందరికన్నా వెనక కాపు కాసేవాళ్ల జాబితాలో, ఆల్ ప్రో మొదటి జట్టులో చేరాడు.

జువాన్ జెన్నింగ్స్ అయితే 217. బంతి పట్టే రిసీవర్‌కి ఉండాల్సిన వేగం లేదన్నారు. 2020లో జట్టు అతన్ని వదిలేసి, మళ్లీ ప్రాక్టీస్ స్క్వాడ్‌లో, అంటే సాధనకు ఉంచుకునే గుంపులో పెట్టుకుంది. ఆ ఏడాది ఒక్క మ్యాచ్ ఆడలేదు. అలాంటివాడు 2024 సూపర్ బౌల్‌లో ఒక టచ్‌డౌన్ పాస్ విసిరాడు, ఒకటి పట్టాడు కూడా. హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన చెయ్యి మరి. సూపర్ బౌల్ చరిత్రలో ఆ రెండూ ఒకే మ్యాచ్‌లో చేసినవాడు అంతకు ముందు ఒక్కడే, ఫిలడెల్ఫియా క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ మాత్రం 2022 రన్నింగ్ బ్యాక్‌లది, అంటే బంతి తీసుకుని పరిగెత్తేవాళ్లది. ఒకే ఏడాది, ఒకే జట్టు, ఒకే స్థానం. టైరియన్ డేవిస్ ప్రైస్‌ని మూడో రౌండ్‌లో 93వ పేరుగా తీసుకున్నారు. జోర్డన్ మేసన్‌ని ఎవరూ డ్రాఫ్ట్ చెయ్యలేదు, జార్జియా టెక్ నుంచి వచ్చి శిబిరంలో చేరాడు. కాగితం మీద ఎవరు ఎక్కువో చెప్పక్కర్లేదు. రెండేళ్లు తిరిగేసరికి డేవిస్ ప్రైస్ జట్టులో లేడు. 2024 సీజన్ మొదటి మ్యాచ్‌కి స్టార్ క్రిస్టియన్ మెకాఫ్రీ గాయంతో ఆగిపోతే, న్యూయార్క్ జెట్స్ మీద మేసన్ 28 సార్లు బంతి తీసుకుని 147 గజాలు పరిగెత్తాడు. ఈ రెండేళ్లూ మేసన్ ఏం చేశాడు? ఎక్కువగా కిక్ కవరేజీలో, అంటే కిక్ అందుకున్న అవతలివాణ్ణి ఆపడానికి పరిగెత్తాడు, స్టార్ల వెనక నిలబడి చూశాడు, తన వంతు కోసం ఆగాడు.

ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ ఈ డ్రాఫ్ట్ మీద చాలా ఏళ్లు పనిచేసి 2013లో ఒక పరిశోధన అచ్చేశారు. థేలర్‌కి తర్వాత 2017లో నోబెల్ వచ్చింది. ఒకే స్థానానికి ముందు ఎంపికైనవాడు, ఆ వెంటనే ఎంపికైనవాడి కన్నా మెరుగ్గా ఆడే అవకాశం 52 శాతం దరిదాపుల్లో ఉందని తేల్చారు. నాణెం ఎగరేస్తే వచ్చేదానికన్నా కాస్తంతే ఎక్కువ. మొదటి వంతుల కోసం జట్లు అవసరానికి మించి ధారపోస్తున్నాయని కూడా చెప్పారు. ల్యాన్స్ బేరం గుర్తొస్తోంది కదూ.

ఇక్కడ తొందరపడి 'స్కౌట్లకి ఏమీ తెలీదు' అనుకోకూడదు. ఆ 52 శాతం పక్కపక్క వరుసల్లో ఉన్న ఇద్దరి గురించి చెప్పిన మాట. మొదటి రౌండ్ మొత్తాన్ని ఏడో రౌండ్ మొత్తంతో పోలిస్తే మొదటి రౌండే గెలుస్తుంది. మనకు గుర్తుండేది పర్డీ. అదే 2022లో ఆరో రౌండ్‌లో వచ్చినవాళ్లందరి పేర్లు నన్ను అడిగినా తడుముకోకుండా చెప్పలేను. గెలిచినవాడి కథ మనం వింటాం, మిగతావాళ్లు ఇళ్లకు వెళ్లిపోతారు. మనం ఆశపడేటప్పుడు వాళ్లను కూడా లెక్కలో ఉంచుకోవాలి.

ఎలా వెళ్లిపోతారో కూడా చూడండి. ఆగస్టు చివర్లో ఒక మంగళవారం మధ్యాహ్నం, ఇక్కడి టైమ్ ప్రకారం ఒంటిగంటకల్లా, 90 మంది 53కి తగ్గాలి. ప్రతి జట్టులో 37 మంది. 32 జట్లలో కలిపి చూస్తే వెయ్యి మందికి పైగా కుర్రాళ్ల ఉద్యోగాలు. వదిలేసిన కుర్రాళ్ల పేర్లు 'వేవర్స్' అనే జాబితాలోకి వెళ్తాయి. మర్నాటికల్లా ఏ జట్టైనా వాళ్లను తీసుకోవచ్చు. ఎవరూ తీసుకోకపోతే, పాత జట్టు వాళ్లలో కొందరిని 16 మందితో ఉండే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పెట్టుకోవచ్చు. అసలు జట్టులో ఉన్న కొత్తవాడికి 2024లో కనీస జీతం 7.95 లక్షల డాలర్లు. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో కుర్రాళ్లకు ఆ ఏడాది వారానికి 12,500, సీజన్ మొత్తం ఉంటే రెండు లక్షల పాతిక వేలు. మనకది పెద్ద డబ్బే, కానీ అది వారం వారం కూలి లాంటిది. ఏ మంగళవారమైనా ఆగిపోవచ్చు.

కోచ్‌లకు కూడా ఈ రోజు టెన్షనే. బాగా ఆడుతున్న కుర్రాణ్ణి ప్రీ సీజన్లో ఎక్కువసేపు ఆడిస్తే వేరే జట్ల కళ్లు పడతాయి, ఆడించకపోతే వాడెంతవాడో తమకే తెలియదు. సడ్‌ఫెల్డ్‌ని డబ్బు పోగొట్టుకుని మరీ పంపేయడం వెనకున్న భయం ఇదే.

ఇన్నేళ్లుగా చూసి నేను తేల్చుకున్నదొకటి ఉంది. మట్టిలో మాణిక్యం అని మనం అలవాటుగా అంటాం గానీ, ఈ కథల్లో ఎక్కువభాగం మాణిక్యం తయారుగా దొరకలేదు. కిటిల్‌ని అయోవా కూడా చూసింది, జెన్నింగ్స్‌ని ఫోర్టీనైనర్సే ఒకసారి వదిలేశారు, మేసన్‌ని 32 జట్లూ వద్దనుకున్నాయి. తేడా ఎక్కడొచ్చిందంటే, వాళ్లు చేయగలిగిన పనికి సరిపోయే చోటు ఆ జట్టులో ఉంది, ఆ చోటు ఖాళీ అయ్యేవరకు వాళ్లను అట్టేపెట్టుకునే ఓపిక ఉంది. పర్డీ చేతి బలం ఏమీ పెరగలేదు. త్వరగా నిర్ణయం తీసుకుని బంతి వదిలేసే క్వార్టర్‌బ్యాక్ షానహన్ ఆటకు కావాలి, పర్డీ నాలుగేళ్లు కాలేజీలో చేసింది అదే. ఇంకో కోచ్ దగ్గర అదే కుర్రాడు మూడో వాడిగానే మిగిలేవాడేమో. కాబట్టి కొత్త కుర్రాడి మీద ఆశపెట్టుకునే ముందు 'వీడెంత గొప్పవాడు' అని కాకుండా, 'వీడికి ఇక్కడ పని ఏముంది' అని అడగడం నేర్చుకున్నాను.

ఈ విజయానికి ఒక ఖరీదు కూడా ఉంది, అది అభిమానికి బాధే. చౌకగా దొరికిన కుర్రాడు పెద్దవాడయ్యాక చౌకగా ఉండడు. 2025 మార్చిలో హుఫాంగా, గ్రీన్‌లా ఇద్దరూ డెన్వర్‌కి వెళ్లిపోయారు. మేసన్‌ని మినెసోటాకి ఇచ్చేశారు. వాళ్లకి రావాల్సిన డబ్బు వాళ్లకి వచ్చింది, సంతోషించాలి. అదే ఏడాది మేలో పర్డీకి ఐదేళ్లకు 26.5 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు. ఒకప్పుడు తాను మిగిల్చిన డబ్బుని ఇప్పుడు తానే తీసుకుంటున్నాడు, న్యాయమే. కానీ దానర్థం, ఇక మీదట మరో నలుగురు పేరు తెలియని కుర్రాళ్లు దొరకాలి. ఆ ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో జట్టు 11 మందిని తీసుకున్నది ఊరికే కాదు.

దొరుకుతున్నారా అంటే, గుర్తులున్నాయి. 2024లో 86వ పేరుగా వచ్చిన గార్డ్ డొమినిక్ పూనీ సెంట్రల్ మిజోరి అనే చిన్న కాలేజీలో మొదలుపెట్టి క్యాన్సస్ యూనివర్సిటీకి మారినవాడు. జట్టు 6 గెలిచి 11 ఓడిన ఆ పాడు సీజన్లో, మొదటి ఏడాదే 17 మ్యాచ్‌లూ మొదటి నుంచీ ఆడాడు. గార్డ్ బంతి పట్టడు, విసరడు, అతని పేరు హైలైట్స్‌లో రాదు. అవతలి 140 కిలోల మనిషిని క్వార్టర్‌బ్యాక్ దాకా రానివ్వకుండా మూడు సెకన్లు ఆపడమే అతని పని. ఆ మూడు సెకన్లు లేకపోతే పర్డీ 26 కోట్లు ఎందుకూ కొరగావు.

మా మిత్రుడికి నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఈసారి ఆగస్టులో వచ్చినప్పుడు బంతి వైపు చూడకు. కిక్ వేసేటప్పుడు పరుగుతీసే 11 మందిని చూడు. 2024 నుంచి కిక్‌ఆఫ్ నియమాలు మార్చారు, బంతి ఊరికే గీత దాటి ఆగిపోవడం తగ్గింది, తిరిగి పరిగెత్తడం పెరిగింది. అంటే కొత్తవాళ్లకు పని పెరిగింది. మొదటి క్వార్టర్లో, స్టార్లు ఇంకా మైదానంలో ఉన్నప్పుడే, ఆ కిక్ దళంలోకి ఒక కొత్త కుర్రాణ్ణి పంపారంటే కోచ్‌లకు వాడి మీద కన్ను ఉన్నట్టే. ఆఖరి క్వార్టర్లో వాడు ఇంకా అలసిపోకుండా అడ్డొచ్చినవాణ్ణి తోసుకుంటూ పోతున్నాడా, ఆట ఆగగానే పక్కవాడికి చెయ్యి చూపించి నువ్వు అటు నిలబడాలి అని చెప్తున్నాడా, అది చూడు. కిందటిసారి అలా ఒకడు కనపడ్డాడు. ఇద్దరు పంచుకునే నంబర్, పేరు కోసం కార్యక్రమ పత్రిక తిరగేశాను. స్టేడియంలో సగం లైట్ల కింద ఖాళీ కుర్చీలే. వాడు మాత్రం ఒక ఆటగాణ్ణి గీత దాకా తరిమి, నేలకి కొట్టి, లేచి, అప్పటికి ఎవరూ చప్పట్లు కొట్టకముందే తన చోటుకి పరిగెత్తాడు.